ఈ అచ్చు అతికాక వెళ్దాం

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే కోర్టులో క్లర్కునని చెబుతాను. నిజానికి నేను చేసేది వాయిదాలు రాయడం. జడ్జిగారు ఒక తేదీ చెబుతారు, నేను డైరీలో రాసుకుంటాను, హాలు చివరిదాకా వినపడేలా గట్టిగా చదువుతాను. పొద్దున పదిన్నరకు మొదలుపెడితే సాయంత్రం దాకా ఇదే పని. ఇరవై ఏళ్లు దాటింది. వరండాలో కాచుకుని ఉండే జనం నన్ను పేరుతో పిలవరు, "అదుగో, వాయిదా మేడం వచ్చారు" అంటారు. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు ఆ పిలుపు వింటే చెంప ఛెళ్లుమన్నట్టు ఉంటుంది. వాళ్లకేం తెలుసు పాపం.

కోర్టుకు తిరిగేవాళ్లకు వాయిదా అంటే రావలసిన రోజు. "రేపు నాకు బెజవాడలో వాయిదా ఉంది" అని ముందురోజే చొక్కా ఇస్త్రీ చేయించుకుంటారు. తీరా వచ్చాక "వాయిదా పడింది" అని వెళ్లిపోతారు. పడింది అంటారు చూడండి, ఏదో వాన పడ్డట్టు, అందులో ఎవరి చేయీ లేనట్టు. ఇన్నేళ్లలో "నేనే వాయిదా వేశానండీ" అని నోరారా ఒప్పుకున్న మనిషిని నేను చూడలేదు. నేనూ ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుందామని రాస్తున్నాను, ఎవరికి ఉపయోగమో తెలియదు.

మా కోర్టుకు వచ్చే ఒక పెద్ద ప్లీడరుగారికి ఉర్దూ బాగా వచ్చు. ఒకరోజు భోజనాల వేళ నా బల్ల దగ్గర నిలబడి, "ఇన్నేళ్లుగా రాస్తున్నావు, వాయిదా అంటే అసలు అర్థం తెలుసామ్మా నీకు?" అని అడిగారు. తెలియదన్నాను. "అరబ్బీ నుంచి వచ్చింది. ఇచ్చిన మాట అని అర్థం. ఫలానా రోజుకు ఇది చేస్తానని మాట ఇవ్వడం అన్నమాట" అన్నారు. "అయితే పొద్దుటినుంచీ ఈ జనానికి నేను మాటలిస్తున్నానా?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది, ఎందుకంటే సరిగ్గా ఆ రోజుల్లోనే మా అక్కకు నేను నెల నెలా మాటలిస్తూ ఉన్నాను.

మా అక్క నాకంటే పద్నాలుగేళ్లు పెద్ద. పెళ్లయిన రెండేళ్లకే బావ పోతే పుట్టింటికి వచ్చేసింది. ఆ ఏడే అమ్మ కూడా పోయింది. అప్పటినుంచి నాకు జడ వేసింది అక్కే, బడికి పంపింది అక్కే, డిగ్రీ చదువుతానంటే ఇంట్లో అందరూ మొహాలు చిట్లించినప్పుడు "అది చదువుతుంది, మీకేంటి నొప్పి?" అని మీదికి లేచింది కూడా అక్కే. మాది బందరు దారిలో నేతపని చేసే ఊరు. వీధి వీధంతా మగ్గాలే. ఆ వీధిలో అక్క అచ్చులు అతికేది.

అదేం పనో చెప్పాలి. మగ్గం మీద నిలువుగా ఉండే దారాలను పడుగు అంటారు. ఒక పడుగు నేసేశాక, మగ్గానికి ఉండే అచ్చులో, అంటే దువ్వెనలాంటి చట్రంలో, మిగిలిన పాత దారాల కొసలకు కొత్త పడుగు దారాలను ఒక్కొక్క పోగే తీసి, వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, మెలిపెట్టి కలపాలి. వేలకొద్దీ పోగులుంటాయి. ఒక్కటి తప్పిపోయినా చీర పొడవునా ఆ తప్పు కనిపిస్తుంది. ఇదే అచ్చు అతకడం. అక్క కూర్చుందంటే నడుం వాల్చకుండా అతికేది. మా వీధిలో ఒక పట్టింపు ఉంది, ఒకరు మొదలుపెట్టిన అచ్చును మధ్యలో ఇంకొకరు పట్టుకోరు. చేయి మారితే మెలి మారుతుంది, నేసేటప్పుడు అక్కడే పోగులు పుటుక్కుమంటాయి అంటారు. అచ్చు అతికేదాకా ఆ ఇంట్లో మగ్గం ఆడదు. అందుకని అక్కను అందరూ నెత్తిన పెట్టుకునేవారు. అక్కకూ అదొక గర్వం. "నేను లేకపోతే ఈ వీధి ఆగిపోద్దే" అనేది నాతో.

మూడేళ్ల కిందట బెజవాడ పటమటలో మా ఇంటికి వచ్చి నాలుగు రోజులు ఉంది. సాయంత్రం బాల్కనీలో కూర్చుని వీధిలైటు వంక చూస్తూ, "ఏమే, ఆ లైటు చుట్టూ రంగులు తిరుగుతున్నాయేంటే?" అంది. నేను ఫోను చూసుకుంటూ, "కళ్లజోడు తుడుచుకో, ఎప్పుడు తుడిచావో ఏమో" అన్నాను. మర్నాడు గుమ్మం పక్కన ఉన్న చెప్పుల స్టాండుకు కొట్టుకుని మోకాలు గీరుకుపోయింది. "ఇంత కొంప ఉండి దారిలో పెడతారా ఎవరన్నా" అని నన్నే తిట్టింది. ఇద్దరం నవ్వాం. కంటి ఆసుపత్రికి తీసుకెళ్తానని అన్నాను. అది నేనిచ్చిన మొదటి మాట.

మామూలు రోజుల్లో నాకు సెలవు దొరకదు. ఆదివారం ఆ ఆసుపత్రిలో డాక్టర్లు ఉండరు. ఇక మిగిలింది రెండో శనివారం. అంటే ఒక్కసారి తప్పిందా, నెల పోయినట్టే. మొదటి రెండో శనివారానికి టోకెను కూడా తీసుకున్నాను. శుక్రవారం సాయంత్రం అక్క ఫోను చేసింది. "వీధి చివరాళ్లని ఎవరో పెళ్లి చీరలు అడిగారంట, మగ్గం ఖాళీగా ఉందని ఏడుస్తన్నారు. అచ్చు ముందేసుకుని కూర్చున్నా. ఇది అతికాక వెళ్దాంలే" అంది. "నీ ఇష్టం అక్కా" అన్నాను. కసరలేదు, గట్టిగా రమ్మనలేదు. ఫోను పెట్టేశాక నాకు ఎంత హాయిగా అనిపించిందో ఇవాళ్టికీ గుర్తుంది. శనివారం ఖాళీ దొరికిందని సంబరపడ్డాను.

తర్వాత నెల మూఢం వచ్చింది. మూఢంలో కంటి మీద కత్తి పెట్టిస్తామా అన్నారు ఊళ్లో. కత్తి ఎవరు పెడతామన్నారు, చూపించుకోవడానికి మూఢమేంటి అని నేను అనాలా వద్దా? అనలేదు. ఆ తర్వాత మరో అచ్చు, ఆ వెంటనే ఇంకో అచ్చు. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ల, ఆసుపత్రి అటువైపే. ఇసక వేస్తే రాలనంత జనం, బస్సులన్నీ దారి మళ్లిస్తారు, ఆ తోపులాటలో నిన్ను లాక్కుని ఎక్కడ తిరగను అక్కా అని ఈసారి నేనే అన్నాను. "అవునవును, జనంలో నాకు అసలే అడుగు పడటంలేదు" అంది. జనంలో అడుగు ఎందుకు పడటంలేదని నేను అడగలేదు.

ఈలోగా మా వీధి పిన్ని ఒకావిడ తేల్చి చెప్పేసింది. "శుక్లం అమ్మా అది. పచ్చిగా ఉన్నప్పుడు తీస్తే మళ్లీ పెరుగుద్ది. ముదరనియ్యండి, ముదిరాక తేలిగ్గా వచ్చేస్తది." వీధిలో అందరూ తలలూపారు. వాళ్ల దగ్గర దానికి రుజువు కూడా ఉంది. అక్క ఎదురుగా ఉన్న పోగును పట్టుకోగలుగుతోంది, వెంట్రుకంత దారాన్ని మెలిపెట్టగలుగుతోంది. అచ్చు అతికే మనిషికి చూపు పోవడమేంటి, ఎవరన్నా వింటే నవ్విపోతారు అన్నారు. మా వాళ్లకు చూపుకు కొలత అదే, పోగు కనిపిస్తే కన్ను బాగున్నట్టు. నేను డిగ్రీ చదివిన దాన్ని, రోజూ ఇంగ్లీషు కాగితాలు చదివేదాన్ని, నా చేతిలోనే ఫోనుంది. నేనూ తలూపాను. నాకు ఆ మాట అనుకూలంగా ఉంది కాబట్టి ఊపాను. ముదరాలి అంటే ఆగాలి. ఆగడం నాకు బాగా వచ్చిన విద్య.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. ఒక రెండో శనివారం అక్కకు అచ్చు లేదు. మూఢం లేదు, తిరునాళ్ల లేదు. శుక్రవారం తనే ఫోను చేసి, "రేపు రానా? తెల్లారుజామున బస్సెక్కేస్తా, బెంజి సర్కిల్లో దింపుతాడు, నువ్వొచ్చి తీసుకెళ్లు" అంది. వారమంతా కోర్టులో నలిగిపోయి ఉన్నాను. నిద్ర కావాలనిపించింది. "అయ్యో, రేపు మాకు ఇన్స్పెక్షను ఉందక్కా, కదలడానికి లేదు. వచ్చే నెల తప్పకుండా వెళ్దాం" అన్నాను. ఇన్స్పెక్షనూ లేదు, నా మొహమూ లేదు. ఆ శనివారం పదింటిదాకా పడుకున్నాను, లేచి పెసరట్టు వేసుకుని తిన్నాను, మధ్యాహ్నం మళ్లీ పడుకున్నాను. "సరేలే, నీ ఉద్యోగం ముఖ్యం" అంది అక్క. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోంచి పోదు.

ఆ రోజు వెళ్లి ఉంటే ఏమయ్యేదో తర్వాత నాకు డాక్టరు చెప్పింది. ఆ సంగతికి వస్తాను.

ఇలా మూడేళ్లకు దగ్గర పడింది. ఒక ఆదివారం ఊళ్లో ఏదో నిశ్చితార్థం ఉంటే వెళ్లాను. భోజనాలకు ముందు అక్క కోసం చూస్తే ఇంట్లో లేదు, పక్కింట్లో అచ్చు దగ్గర కూర్చుని ఉంది. తలుపు బార్లా తీసి ఉంది, ఎండ లోపలిదాకా వచ్చింది. నేను లోపలికి వెళ్లి అక్కకు ఎడమపక్కన, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా చాప మీద కూర్చున్నాను. పలకరిస్తుందని చూశాను. పలకరించలేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. పోగు తీసింది, మెలిపెట్టింది, ఇంకో పోగు తీసింది. తనలో తనే ఏదో గొణుక్కుంటోంది. చాలాసేపయ్యాక అర్థమైంది, నేనక్కడ ఉన్నట్టు అక్కకు తెలియదు. ముందుకు తిరిగి ఉన్న ఆ కళ్లకు ఎదురుగా ఉన్న రెండు పోగులు తప్ప లోకంలో ఇంకేమీ కనిపించడంలేదు. "అక్కా" అన్నాను. ఉలిక్కిపడి చేయి విదిలించింది, గుప్పెట్లో ఉన్న పోగులన్నీ తెగిపోయాయి.

"ఎప్పుడొచ్చావే? దొంగదానిలా" అని నవ్వింది. తెగిన పోగుల కోసం నేల మీద తడుముకుంటోంది. ఆ ఇంటి కోడలు నన్ను పక్కకు పిలిచి, "ఏడాదిబట్టి పెద్దమ్మ అతికిన అచ్చుల్ని రెండో పూట మేమే సరిచూసుకుంటున్నామండీ. తప్పులు చాలా వస్తున్నాయి. ఆవిడ బాధపడుద్దని ఎవరం చెప్పలేదు" అంది. వీధి వీధంతా తెలుసు. నాకు తప్ప. నాకు తెలియకూడదని నేనే చూసుకున్నాను కదా.

మర్నాడు సోమవారం. సెలవు అడగలేదు, చెప్పలేదు, అక్కను తీసుకుని ఆసుపత్రికి వెళ్లిపోయాను. సెలవు లేకుండా కూడా వెళ్లవచ్చని ఆ రోజు తెలిసింది. ఆకాశమేమీ విరిగి పడలేదు.

అక్కడ ఒక పరీక్ష చేశారు. గుండ్రటి గిన్నెలాంటి యంత్రంలో గడ్డం ఆనించి, చేతికి ఒక బటను ఇచ్చారు. లోపల అక్కడక్కడ చిన్న వెలుగు మెరుస్తుందట, కనిపించినప్పుడల్లా బటను నొక్కాలట. నేను వెనక నిలబడ్డాను. యంత్రం టిక్కు టిక్కుమంటోంది. అక్క బటను గట్టిగా పట్టుకుని, పరీక్షకు కూర్చున్న బడిపిల్లలా, కదలకుండా కాచుకుని ఉంది. కాసేపటికి అడిగింది. "ఇంకా మొదలెట్టలేదా అమ్మా?"

అప్పటికి సగం అయిపోయింది. పరీక్ష చేసే అమ్మాయి నా వంక చూసి తల దించుకుంది.

శుక్లం కాదు. నీటికాసులు, అదే గ్లాకోమా, అంది డాక్టరు. చిన్నవయసు ఆవిడ, నెమ్మదిగా విడమరిచి చెప్పింది. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరం చచ్చిపోతుందట. పక్కచూపు ముందు పోతుందట, ఎదురుగా ఉన్నది చివరిదాకా కనిపిస్తుందట, అందుకే మనిషికి తెలియదట. ఇది ముదరనిస్తే చేసేదేమీ లేదట. "ఎప్పటినుంచి ఇబ్బందిగా ఉందమ్మా?" అని అక్కను అడిగింది.

"ఈ మధ్యనేనండీ. ఒక నెల" అంది అక్క.

నేను నోరు తెరవాలి. మూడేళ్లండీ, నాకు మూడేళ్లబట్టి తెలుసండీ అనాలి. అనలేదు. అక్క నా వైపు తిరగను కూడా తిరగలేదు. నన్ను కాపాడటానికే అబద్ధం ఆడిందని నాకు తెలుసు, నాకు తెలుసునని అక్కకూ తెలుసు. డాక్టరు నమ్మలేదనుకుంటాను. "నెలలో ఇంత పోదమ్మా" అని, నాతో, "పోయింది తిరిగి రాదు. కుడికన్ను దాదాపు అయిపోయింది. ఎడమకన్నులో ఉన్న కాస్తనైనా నిలబెట్టడానికి చూద్దాం. ఒక ఏడాది ముందు వచ్చి ఉంటే చుక్కల మందుతోనే ఆగి ఉండేది" అంది. ఏడాది ముందంటే నేను పెసరట్టు తిని పడుకున్న శనివారం.

ఎడమకంటికి ఆపరేషను చేశారు. అక్కను పటమట తెచ్చేసుకున్నాను. రోజుకు నాలుగుసార్లు చుక్కల మందు వెయ్యాలి. ఇప్పుడు నేను ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యను. మధ్యాహ్నం చుక్కలకు కోర్టు నుంచి ఆటోలో వచ్చి వేసి వెళ్తాను. కంటికి రెప్పలా చూసుకుంటున్నావమ్మా అక్కను అని పక్క ఫ్లాటు వాళ్లు మెచ్చుకుంటారు. ఆ మెప్పు వింటే ఎక్కడికన్నా పారిపోవాలనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే ఒకసారి కోర్టు హాల్లో తేదీలు చదువుతున్నాను. దివిసీమ నుంచి వచ్చే ముసలాయన ఒకాయన, గట్టు తగాదా కేసు, బోనులోంచి దిగుతూ నా బల్ల దగ్గర ఆగి, "ఇంకెన్ని వాయిదాలు అమ్మా?" అని అడిగాడు. తిట్టలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. మామూలుగా అయితే "మీ వకీలుగారిని అడగండి" అని కసిరేదాన్ని. ఆ రోజు కసరలేదు. పెన్ను పట్టుకుని అలా ఉండిపోయాను. "సర్లే అమ్మా, వస్తాం. రాక ఏం చేస్తాం" అని తనే నాకు ధైర్యం చెప్పి వెళ్లాడు. ఎదుటివాడి ఓర్పు మీద బతికేవాళ్లకు సిగ్గుండదు. నాకు లేదు.

ఊరినుంచి అక్కకు ఫోన్లు వస్తూ ఉండేవి. మొదట్లో "ఎప్పుడొస్తావు పెద్దమ్మా, నీ చెయ్యి పడితేగానీ" అనేవారు. "వస్తానమ్మా, కన్ను కాస్త నెమ్మదించాక" అనేది. తర్వాత ఫోన్లు తగ్గాయి. వీధిలో ఇంకొకరు నేర్చుకున్నారట. ఆ మాట విన్నరోజు అక్క అన్నం తినలేదు. ఖాళీగా కూర్చున్నప్పుడు బొటనవేలూ చూపుడువేలూ కలిపి లేని పోగును మెలిపెడుతూ ఉండేది. నేను చూస్తున్నానని తెలిస్తే ఆపేసేది, కానీ నేను చూస్తున్నానని అక్కకు ఎలా తెలుస్తుంది? చాలాసార్లు ఆపేది కాదు.

"నన్ను తిట్టక్కా" అని ఒకరోజు బతిమాలాను. ఇన్స్పెక్షను అబద్ధం సంగతి కూడా చెప్పేశాను. "నిద్రొస్తే నిద్రొస్తందని చెప్పొచ్చుగా పిచ్చిదానా. నేనేమన్నా కాదంటానా" అంది. అంతకంటే చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది.

డాక్టరు చెప్పనే చెప్పింది, ఎడమకన్ను ఎన్నాళ్లు నిలుస్తుందో తన చేతిలో లేదని. ఒక్కోసారి మిగిలిన కాస్తా ఉన్నట్టుండి పోవచ్చంది. నేను వినీ విననట్టు ఊరుకున్నాను. అక్కకు ఆ మాట చెప్పలేదు. వీలు చూసుకుని చెబుదామనుకున్నాను.

మొన్న ఒక పొద్దున ఎనిమిదయింది. నేను స్నానం చేసి చీర కట్టుకుంటున్నాను. అక్క లేచి మంచం మీద కూర్చుంది. తూర్పు కిటికీ తెరిచే ఉంది, ఎండ సూటిగా తన మొహం మీదే పడుతోంది. కళ్లు రెండూ తెరిచే ఉన్నాయి.

"ఏమే, లేచావా? ఇంకా తెల్లారలేదేంటి?" అంది.

నా చేతిలో కుచ్చిళ్లు జారిపోయాయి. "లేదక్కా" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. నోట్లోంచి అదే వచ్చింది.

"లైటు వెయ్యి. చుక్కలు వేసుకుంటా."

"కరెంటు పోయిందక్కా."

నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది. చప్పుడు కాకుండా గోడ దగ్గరికి వెళ్లి, స్విచ్చిని వేలితో అదిమిపెట్టి ఆపాను. రెక్కలు నెమ్మదిగా తిరిగి తిరిగి ఆగాయి. కింద రోడ్డు మీద స్కూలు బస్సు హారను కొట్టింది. తోపుడుబండి అతను గోంగూర, తోటకూర అని అరుస్తూ వెళ్లాడు. అక్క తల కాస్త వంచి అన్నీ విన్నది. ఎండ పడుతున్న చెంప మీద అరచెయ్యి పెట్టుకుని కాసేపు అలాగే ఉంచింది.

"సరే అయితే" అని గోడవైపు తిరిగి పడుకుంది. "తెల్లారాక లేపు."